మిగలకూడని మాత్రలు

"కూర్చో," అంది అత్తగారు తలెత్తకుండా.

పిచ్చుక కూర్చోలేదు. భుజాన సంచీతో గుమ్మంలోనే ఆగిపోయింది. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద రంగురంగుల గుండీలు ఒక కుప్ప. కుప్ప పక్కన మూత తీసిన తెల్ల డబ్బా. డబ్బా ముందు మాత్రలు, ఐదేసి చొప్పున వరసలు పేర్చి.

తన గుండీల పెట్టె అడుగున, ఎవరి చెయ్యీ పోదనుకున్న చోట దాచిన డబ్బా అది.

"మావాడి డ్యూటీ చొక్కాకి గుండీ ఊడింది. కుడదామని నీ పెట్టె తీశాను," అంది అత్తగారు, అడగని ప్రశ్నకి జవాబు చెబుతున్నట్టు. "కూర్చోమన్నానా. ఎనిమిదో నెల దాటిన మనిషివి, అట్లా నిలబడకు."

ఆ మాటలో ఉన్నది కోపమో జాలో పిచ్చుకకి అంతుపట్టలేదు. కోపమే అయితే బాగుండుననిపించింది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు చల్లారుతుంది.

స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమెది కటింగ్ పని. నలభై పొరల గుడ్డని ఒక్క గీత తప్పకుండా కోస్తుంది. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేదని పిన్ని పెట్టిన పేరు పిచ్చుక. దుకాణంలోనూ అదే పేరు, అత్తవారింట్లోనూ అదే. అంత నిదానమైన చేతులు ఇప్పుడు సంచీ పట్టీని మెలిపెడుతున్నాయి.

"దీని మీది కాగితం ఎందుకు పీకేశావు?"

"అవి బలం మాత్రలు అత్తయ్యా."

"బలం మాత్రలకి కాగితం పీకక్కర్లేదు." ఆవిడ ఒక మాత్రని వేలికొసతో వెల్లకిలా తిప్పింది. "ఇవి మా వార్డులో చివరి అలమారలో పెట్టి తాళం వేసేవాళ్ళు. ఆ తాళంచెవి పదేళ్ళు నా దగ్గరే ఉంది."

ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరయిన మనిషి ఆవిడ. ఇరుగుపొరుగుకి ఆవిడ పేరు తెలీదు, అందరికీ ఆయమ్మే. కోడలి కాన్పు దగ్గరుండి చూసుకుంటానని మూడు వారాల కిందట పెట్టెతో దిగింది. ఆ రోజే పిచ్చుక డబ్బా మీది కాగితాన్ని గోటితో గీకి తీసేసింది.

పిచ్చుక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అత్తగారు.

"పుట్టినప్పట్నుంచి."

ఆవిడ వేలు ఆగిపోయింది. ఆ ప్రశ్నకి ఇంకేదో జవాబు వస్తుందని, దానికి తగ్గ మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నట్టుంది.

"మా అమ్మ నుంచి వచ్చింది," అంది పిచ్చుక. "ఆవిడకి హెచ్‌ఐవి ఉందని తెలిసేసరికే నేను పుట్టేశాను. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. పిన్ని పెంచింది. ముక్కు మూసి మరీ మందు పోసేది."

"వాడికి తెలుసా?"

"పెళ్ళి మాట రాకముందే చెప్పాను."

"మరి వాడికి..." ఆవిడకి మాట పూర్తి కాలేదు.

"లేదత్తయ్యా. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటున్నాడు. లేదు."

అత్తగారు కళ్ళు మూసుకుంది. కొడుకు వచ్చేదాకా మాత్రల వరసలే మళ్ళీ లెక్కపెడుతూ కూర్చుంది.

*

పిచ్చుక భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లోంచి మనుషుల్ని బయటికి తీయడం రోజూ చేసే పనే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం ఏ మీట నొక్కాలో అతనికి ఏనాడూ తెలియలేదు. గుమ్మంలో బూట్లు విప్పుతూ బల్ల వైపు చూసి, ఒక కాలి బూటుతోనే లోపలికి వచ్చేశాడు.

"అమ్మా, నేను చెబుతాను."

"రెండేళ్ళయింది. ఇప్పుడా చెప్పేది?"

"చెబితే పెళ్ళికి ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

"ఒప్పుకునేవాళ్ళకి చెప్పడానికి ధైర్యం ఎందుకురా? నీ కన్నతల్లిని. నాకు చెప్పాలనిపించలేదా?"

అతను రెండో బూటు విప్పుకుని చేత్తోనే పట్టుకున్నాడు.

"నువ్వు వార్డులో చూసినవి పాత రోజులమ్మా," అన్నాడు. "ఇప్పుడట్లా లేదు. డాక్టరమ్మ నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. రోజుకొక్క మాత్ర మానకుండా వేసుకుంటే పరీక్షలో కూడా కనపడనంత తగ్గిపోతుందట. అప్పుడు నాకు అంటదు. బిడ్డకి కూడా, వందమందిలో ఒకరికి వస్తే గొప్ప. పిచ్చుకకి నాలుగేళ్ళుగా కనపడట్లేదు. ఆ తర్వాతే కదా పిల్లల మాట అనుకున్నాం."

"మానకుండా వేసుకుంటే," అంది అత్తగారు.

"వేసుకుంటోందిగా."

ఆవిడ కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో మొదటిసారి కోపం కనిపించింది.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

పిచ్చుక తల దించుకుంది. పైవాటా వాళ్ళు కుర్చీ జరిపిన చప్పుడు నడినెత్తి మీద జరిపినట్టే వినబడింది.

"డబ్బా అడుగున మందిచ్చిన తారీకు కొట్టి ఉంది," అంది అత్తగారు, కొడుకుతోనే. "ఆ ముద్ర గోటికి పోలేదు. ఇచ్చింది ముప్పై. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. ఉండాల్సినవి ఎనిమిది. ఉన్నవి పదిహేడు."

అతను వరసల వైపు చూశాడు. "తప్పు చూసుంటావు."

"మూడుసార్లు చూశాను."

"పిచ్చుకా?"

"మొదట రెండు రోజులు పెట్టె తీయడం కుదర్లేదు. అత్తయ్య గదిలోనే ఉన్నారు. గుండీలు కదిపితే చప్పుడవుతుంది. తర్వాత వేసుకున్నాను, వాంతిలో మాత్ర బయటికొచ్చేసింది. మళ్ళీ వేసుకోవాలో వద్దో తెలీలేదు. మందిచ్చే క్లినిక్ సిస్టర్‌ని అడుగుదామంటే, అప్పటికే ఎన్ని తప్పానో చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. రేపటికి ఇంకొకటి పెరిగేది."

"పోయిన వారం రక్తపరీక్షకి వెళ్ళొచ్చానన్నావు."

"వెళ్ళలేదు. బస్టాపులో గంటసేపు కూర్చుని వచ్చేశాను."

"మరి బాగుందని చెప్పావు నాతో."

ఆమె గుండీల కుప్పలోంచి ఒకటి తీసి, మళ్ళీ అందులోనే పడేసింది.

అతను చేతిలోని బూటుని మెల్లగా నేల మీద పెట్టాడు. "నాకు చెప్పాలనిపించలేదా?" అన్నాడు.

కాసేపటి కిందట తల్లి అన్న మాటే. అది ముగ్గురికీ తెలిసింది. అతను బయటి మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

*

అత్తగారు మాత్రలన్నీ డబ్బాలోకి వేసింది, ఒక్కటి తప్ప. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆ ఒక్కటీ కోడలి ముందు పెట్టింది.

"ఇవాళ్టిది వేసుకున్నావా?"

"లేదు."

"వేసుకో."

పిచ్చుక మింగింది. అత్తగారు ఎదురుగా కూర్చుంది. చాలాసేపు బల్ల మీది పేపరు మడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

"మా వార్డుకి ఒకావిడ వచ్చింది," అంది చివరికి. "నువ్వు పుట్టే కాలానికి అటూ ఇటూ అయి ఉంటుంది. చివరి మంచం ఇచ్చారు. చుట్టూ తెర కట్టారు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డని తుడిచి గుడ్డలో చుట్టమని డాక్టరు నాకు చెప్పింది. నాకు వేరే పనుందని చెప్పి వెళ్ళిపోయాను."

పిచ్చుక చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది.

"వేరే పనేమీ లేదు. గోడ అవతల నిలబడ్డాను. ఆ బిడ్డ ఎంతసేపు ఏడిచిందో నాకు తెలుసు. తర్వాత ఎవరో వచ్చి ఎత్తుకున్నారు. ఆ తల్లీబిడ్డా ఏమయ్యారో నేను అడగలేదు." ఆవిడ తలెత్తింది. "నీ రక్తంలో ఏముందో తెలిసి నేను భయపడలేదనను. పొద్దున్నుంచీ భయంతోనే ఉన్నాను. కానీ ఒళ్ళు మండింది మాత్రం ఆ పదిహేడు చూసి. మందే లేని రోజుల్లో పోయినవాళ్ళని చూసిన దాన్ని. మందు ఇంట్లో పెట్టుకుని గుండీల కింద దాస్తావా?"

"మీకు తెలిస్తే ఇంట్లోంచి పంపేస్తారని..."

"పంపేసేదాన్నేమో. నాకూ తెలీదు. అయినా వేసుకోవాల్సింది."

పిచ్చుక తల బల్ల మీద ఆన్చి ఏడ్చింది. అత్తగారు చెయ్యి ముందుకి చాచింది. ఆ చెయ్యి కోడలి తల దాకా రాకుండా, పేపరు అంచు దగ్గరే ఆగింది.

*

మర్నాడు పొద్దున్న ముగ్గురూ క్లినిక్కి వెళ్ళారు. బస్సులో భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. అతను దారంతా కిటికీ వైపే తిరిగి ఉన్నాడు.

సలహాలు చెప్పే సిస్టర్ చీటీ ముందు పెట్టుకుని అడిగింది. "ఎన్ని తప్పావమ్మా?"

"వాంతిలో పోయినదానితో కలిపి తొమ్మిది."

తిట్లు పడతాయని పిచ్చుక కళ్ళు దించుకుంది. సిస్టర్ పెన్ను పక్కన పెట్టింది.

"నిజం చెప్పావు, అదే మేలు. ఒక్కటీ తప్పలేదని చెప్పేవాళ్ళు చాలామంది. రక్తం చూస్తే తెలిసిపోతుంది. వాంతి అయినప్పుడు ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెప్పేదాన్ని కదమ్మా."

"బిడ్డకి వచ్చేసి ఉంటుందా?"

"వచ్చేసిందని ఎవరన్నారు? నీ రక్తంలో మళ్ళీ పెరిగిందో లేదో ముందు చూద్దాం. తక్కువుంటే మామూలు కాన్పే. పెరిగి ఉంటే నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి తీస్తారు, నీకు సెలైన్లో ఇంకో మందు ఎక్కిస్తారు. ఎట్లా పుట్టినా బిడ్డకి కొన్ని వారాలు మందు చుక్కలు పోస్తాం. ఎంత పెరిగినా దారి మూసుకుపోదు. కానీ ఈ రోజు నుంచి ఒక్కటి కూడా మిగలకూడదు."

"పాలు?" అంది అత్తగారు వెనక నుంచి. గదిలోకి వచ్చాక ఆవిడ మాట్లాడింది అదొక్కటే.

"రిపోర్టు వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం అమ్మా. ఇప్పుడే వద్దనీ చెప్పను, పట్టమనీ చెప్పను. నాలుగో రోజు మధ్యాహ్నానికి వస్తుంది."

పక్కగదిలో డాక్టరు కడుపు మీద యంత్రం ఆనించింది. కుట్టుమిషను నిండు వేగంతో పరుగెత్తినట్టు చప్పుడు గదంతా నిండింది. బిడ్డ బాగా ఎదిగిందంది డాక్టరు. అప్పటిదాకా గోడ దగ్గర నిలబడ్డ భర్త రెండడుగులు ముందుకు వేసి, పిచ్చుక చెప్పుల పక్కన ఆగాడు.

"ఇక నుంచి నాకు చెప్పు," అన్నాడు చాలా మెల్లగా. "ఎంత చెడ్డదైనా చెప్పు."

ఆమె తలూపింది. చెప్పాల్సిన చెడ్డవి ఇంకా ఏం రాబోతున్నాయో ఆమెకీ తెలీదు.

*

తర్వాతి మూడు రోజులూ పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి అత్తగారు మాత్రతో, గ్లాసుతో ఎదురుగా నిలబడేది. మింగాక "నోరు తెరువు," అనేది.

"చిన్నపిల్లనా అత్తయ్యా?"

"చిన్నపిల్లలు నయం. వాళ్ళకి గుండీల కింద దాచడం రాదు."

పిచ్చుకకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. మూడో రోజు వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తగారు ఆ గ్లాసు మీద మరుగుతున్న నీళ్ళు పోస్తోంది. ఒకసారి పోసి, పారబోసి, మళ్ళీ పోసింది.

"మరిగే నీళ్ళెందుకత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడింది. నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టేసింది.

"గ్లాసుతో అంటదని నాకు తెలుసు," అంది తల తిప్పకుండా. "చెయ్యి తగిలితే అంటదనీ తెలుసు. వార్డుకి వచ్చినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని. చేతులకే తెలీటం లేదు. వాటంతట అవే చేసేస్తున్నాయి."

పిచ్చుక బాధపడదామంటే, తనూ నిన్నటి నుంచి బిడ్డ కదిలినప్పుడల్లా పొట్ట మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. తన ఒళ్ళే బిడ్డకి శత్రువైనట్టు.

"నాకూ అంతే అత్తయ్యా," అంది. "నా చేతులకీ తెలీటం లేదు."

గ్లాసు గట్టు మీదే ఉండిపోయింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

*

నాలుగో రోజు. రిపోర్టు రావాల్సిన రోజు. పదకొండు గంటలకి, మంచం దిగబోతూ పిచ్చుక కెవ్వున అరిచింది. కాళ్ళ వెంట నీళ్ళు.

ఇంకా మూడు వారాలు గడువుంది.

అత్తగారు వచ్చి ఒక్క చూపు చూసి, గడియారం వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో అత్త పోయి ఆయా వచ్చింది. "వాడికి ఫోన్ చెయ్యి."

పదిసార్లు చేసినా భర్త ఫోను కలవలేదు. లిఫ్టు గోతిలో దిగి పనిచేసేటప్పుడు సిగ్నలు ఉండదు. క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రి ఊరికి ఆ చివర. ట్రాఫిక్‌లో గంటకి పైనే. నొప్పులు అప్పుడే దగ్గరదగ్గరగా వస్తున్నాయి.

"మా ఆసుపత్రికే," అంది అత్తగారు టాక్సీ డ్రైవరుతో.

ముప్పై ఏళ్ళు ఆవిడ పనిచేసిన చోటు. పది నిమిషాల దారి.

వెనక సీట్లో పిచ్చుక ఫైలుని గుండెలకి హత్తుకుని కూర్చుంది. "అక్కడ అందరూ మీకు తెలిసినవాళ్ళే కదత్తయ్యా."

"అందరూ."

కాస్త దూరం పోయాక అత్తగారు అంది, "ఆ ఫైలు ఇటివ్వు. నా సంచీలో పెడతాను."

పిచ్చుక ఇవ్వలేదు. ఇంతలో ఇంకో నొప్పి వచ్చింది. వేళ్ళు వాటంతట అవే వదిలేశాయి. అత్తగారు ఫైలు సంచీలోకి తోసి జిప్పు లాగింది. పిచ్చుక ఆ సంచీ వైపే చూసింది. బిడ్డకి పోయాల్సిన చుక్కల కాగితం అందులోనే ఉంది.

ఆసుపత్రి గుమ్మంలోనే హెడ్ నర్సు ఎదురొచ్చింది. "ఆయమ్మా, మీరా? కోడలా? రండి రండి. అమ్మాయిలూ, ఆయమ్మ కోడలు, ఆ మంచం ఇటు తీసుకురండి." చుట్టూ నలుగురైదుగురు మూగారు. ఒకామె వయసు రాసుకుంది, ఒకామె నెలలు. బీపీ ఉందా అన్నారు, షుగరుందా అన్నారు.

"ఇంకేమైనా జబ్బులున్నాయా? చెప్పాల్సిందేమైనా ఉందా?" అంది హెడ్ నర్సు, కాగితం మీంచి తలెత్తకుండానే, లేదన్న మాట ముందే రాసెయ్యడానికి సిద్ధంగా.

అత్తగారు పలకలేదు.

పిచ్చుక నోరు తెరిచింది. నొప్పి మాటని మింగేసింది. చెమట కమ్మిన కళ్ళతో అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఆ నలుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూస్తోంది. ఒకరికి పని నేర్పింది. ఒకరి పెళ్ళికి వెళ్ళింది. వీళ్ళ నోళ్ళు ఎంత దూరం పోతాయో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

సంచీ జిప్పు తెరుచుకుంది.

"ఉంది," అంది అత్తగారు. "హెచ్‌ఐవి ఉంది. పుట్టుక నుంచి. మందు మీద ఉంది. ఈ నెల తొమ్మిది రోజులు తప్పింది, ఐదు రోజులుగా మళ్ళీ వేసుకుంటోంది. రక్తం ఇచ్చాం, ఇవాళ రావాలి. డాక్టరుని పిలవండి."

మంచం కొస పట్టుకున్న కొత్త ఆయా ఒకామె చటుక్కున చెయ్యి తీసేసింది.

"చెయ్యి అక్కడే పెట్టమ్మా," అంది అత్తగారు. గొంతు పెరగలేదు. "మంచం తొయ్యాలి."

ఆ ఆయా హెడ్ నర్సు వైపు చూసింది. హెడ్ నర్సు ముందు తనే ఒక కొస పట్టుకుంది. మంచం కదిలింది.

డాక్టరు ఫైలు నిలబడే చదివింది. క్లినిక్ ల్యాబుకి ఫోన్ చేయించింది. రిపోర్టు ఇంకా తయారవలేదు, గంట పడుతుందన్నారు.

"చూడమ్మా," అంది పిచ్చుక మీదికి వంగి. "మందు నేనిప్పుడే ఎక్కిస్తాను. ఆపరేషన్ మాటే తేల్చుకోవాలి. రక్తంలో తక్కువుంటే నువ్వు మామూలుగా కనడమే మంచిది. పెరిగి ఉంటే ఇప్పుడే తియ్యాలి. నీళ్ళు పోయాయి కాబట్టి గంట ఆగితే మేలో, ఆగకపోతే మేలో నేను గట్టిగా చెప్పలేను. మీవారు..."

"దొరకట్లేదు," అంది అత్తగారు.

"అయితే నువ్వే చెప్పాలి."

పిచ్చుక అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల అటు తిప్పుకుంది, తన ముఖంలో ఏ జవాబూ కనపడకూడదన్నట్టు. రేపటికి వాయిదా వెయ్యడానికి ఇక్కడ రేపు లేదు.

"ఆగను," అంది. "తియ్యండి."

సంతకం వంకరగా పడింది. మంచం థియేటరు వైపు నడిచింది. అత్తగారు పక్కనే నడుస్తోంది, ఈసారి కోడలి చెయ్యి పట్టుకుని. బయటివాళ్ళు దాటకూడని ఎర్ర గీత దగ్గర ఆవిడని ఆపేశారు. డాక్టరు అప్పటికే చేతులు కడుక్కుని పైకెత్తి పట్టుకుంది.

"డాక్టర్." హెడ్ నర్సు ఫోనుతో వసారా వెంట పరుగెత్తుకొచ్చింది. "ల్యాబు వాళ్ళు. ముందే వచ్చేసిందట."

"స్పీకరు పెట్టు," అంది డాక్టరు.

అత్తగారి వేళ్ళు పిచ్చుక మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఫోన్లో ఎవరిదో కుర్ర గొంతు ఫైలు నంబరు చదివింది, తారీకు చదివింది. తర్వాత ఒక్క క్షణం, కాగితం తిప్పిన చప్పుడు మాత్రమే వినబడింది.